గీతలు లేని రోడ్డు

గడప దగ్గర కాళ్ళు మళ్ళీ ఆగిపోయాయి.

ఒక చేతిలో బూట్లు, రెండో చెయ్యి తలుపు చట్రం మీద. అడుగు వెయ్యమని అతను కాళ్ళకు చెబుతున్నాడు. కాళ్ళు వినడం లేదు. పాదాల కింద ఎవరో జిగురు పూసినట్టుంది. నడుము పైభాగం మాత్రం బయటికి వెళ్ళిపోదామని ముందుకు వంగుతోంది. ఇంకాస్త వంగితే బోర్లా పడడం ఖాయం.

పొయ్యి ముందున్న భార్య వెనక్కి తిరగలేదు. చెవులతోనే కనిపెట్టింది. గోడకు ఆనించిన తుడుపుకర్రను కాలితో తోసింది. అది దొర్లుకుంటూ వచ్చి అతని పాదాల ముందు అడ్డంగా పడింది. దాన్ని చూడగానే కుడికాలు లేచి కర్రను దాటింది. ఎడమకాలు బుద్ధిగా దాని వెనకే వెళ్ళింది. అతను వీధిలో పడ్డాడు.

"గ్లాసు అందుకోమంటే అరగంట. గడప దాటాలంటే కర్ర. రోడ్డెక్కితే మాత్రం గుర్రం" అంది ఆమె లోపలినుంచి. "ఎవరికి చెప్పుకోను నేను?"

"గుర్రానికే చెప్పుకో" అన్నాడతను.

ఆమెకు వినపడలేదు. ఈ మధ్య అతని మాట పెదవి దాటడం మానేసింది. తన చెవులకు అరిచినట్టే ఉంటుంది. ఎదుటివాళ్ళు మాత్రం "ఆఁ?" అంటూ చెవి ముందుకు పెడతారు. మంచి హాస్యం ఎంత వృథా అయిపోతోందో ఈ లోకానికి తెలియదు.

జట్టులో అతని పేరు స్కేలు. అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. రోడ్ల మీద తెల్లగీతలు వేసే జట్టు అది. పెళ్ళికాక ముందు చేరాడు. గీత వెయ్యాలంటే ముందు ఇద్దరు మనుషులు సుద్ద పూసిన తాడును అటూ ఇటూ బిగపట్టి, ఎత్తి కొట్టాలి. ఆ సుద్ద గుర్తు మీదుగా రంగుబండి తోసుకుంటూ పోవాలి. మీట నొక్కితే రంగు పడుతుంది, వదిలితే ఆగుతుంది. అందరూ అలాగే వేస్తారు. అతనికి తాడు అక్కర్లేదు. దూరంగా ఒక స్తంభం మీద చూపు నిలిపి బండి తోసేవాడు. ఆ గీత మీద నడిచిన చీమ కూడా దారి తప్పదని జట్టులో చెప్పుకునేవారు.

అలాంటి మనిషి ఒకరోజు బడి ముందు వేసిన గీత పాము పాకినట్టు వచ్చింది. మేస్త్రీ ముందు గీతను చూశాడు, తర్వాత మనిషిని చూశాడు, దగ్గరికి వచ్చి నోరు వాసన చూశాడు. స్కేలు జీవితంలో చుక్క ముట్టినవాడు కాదు. తాగలేదని రుజువు చేసుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆస్పత్రిలో పార్కిన్సన్స్ అన్నారు. జట్టులో ఎవరికీ ఆ మాటకు నోరు తిరగలేదు. వణుకు అని పేరు పెట్టుకుని సరిపెట్టుకున్నారు.

బండి అతని చేతుల్లోంచి పోయింది. సొంత బావమరిది చేతుల్లోకి వెళ్ళింది. అతనికి ఎర్రజెండా మిగిలింది. పని జరిగే చోట బళ్ళను ఆపే జెండా. "నీకంటే మంచివాడు దొరకడు స్కేలూ. నువ్వు ఊపక్కర్లేదు, అదే ఊగుతుంది" అన్నాడు మేస్త్రీ. జట్టంతా నవ్వింది. స్కేలు కూడా నవ్వాడు. అతని మొహంలో కండరాలు బిగుసుకుపోయి ఉండడం వల్ల ఆ నవ్వు ఎవరికీ కనపడలేదు. కోపం వచ్చిందనుకుని అందరూ సర్దుకున్నారు. అది కూడా నిజమే.

ఆస్పత్రి కింది అంతస్తులో ఒక పొడుగాటి గది ఉంది. నేల మీద అడ్డంగా రంగు టేపులు అతికించి, ఇలాంటివాళ్ళకు నడక నేర్పే గది. అక్కడ ఒకరోజు టేపుల మీద అడుగులు వేస్తూ వేస్తూ కొంచెం జోరు పెంచాడు. ఇంకొంచెం పెంచాడు. గది చివరిదాకా పరుగెత్తుకుంటూ పోయి గోడకు చేతులు ఆనించి ఆగాడు. వ్యాయామం చేయించే డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. నడక అనేది మనిషి తలుచుకోకుండా దానంతటదే జరిగే పని అనీ, ఆ దానంతటదే అన్నదే అతని మెదడులో చెడిపోయిందనీ చెప్పింది. పరుగు వేరట. అది మనిషి కావాలని చేసేది. ఆ దారి ఇంకా తెరిచే ఉందట.

ఈ సంగతి ఎవరికి చెప్పినా నమ్మరు. నడవలేనివాడు పరిగెత్తడమేమిటి, చెవిటివాడు పాట పాడినట్టు? వీధిలో అతను పరిగెత్తడం చూసినవాళ్ళు జబ్బు నాటకమన్నారు. కూరగాయల కొట్టు ముందు కొయ్యబారి నిలబడడం చూసినవాళ్ళు పరుగు అబద్ధమన్నారు. ఇద్దరూ ఎప్పుడూ ఒకేచోట కలుసుకోరు. అదీ అతని ఖర్మ.

ఇప్పుడు ఆ గది నడవాలంటే డబ్బు కావాలి. లేకపోతే అందులో పాత మంచాలు పడేస్తారు. అందుకని ఆస్పత్రి ఒక పరుగు పెట్టింది. స్కేలు వీధంతా తిరిగి చందాలు అడిగాడు. మొత్తం దూరం నా కాళ్ళతో నేను పరిగెత్తుతాను, అప్పుడే ఇవ్వండి అన్నాడు. డాక్టరమ్మ మాత్రం మీలాంటివాళ్ళకోసం వేరే చిన్న నడక పెట్టాం కదా అంది. మీలాంటివాళ్ళు అన్న మాట దగ్గరే అతను నిర్ణయించేసుకున్నాడు. దూరమంతా పరిగెత్తాలి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా చివరి గీత దాటాలి. ఈ ఏడాదిలో అతను ఇంకేమీ కోరుకోలేదు.

ఆదివారమైనా జట్టుకు పనే. పరుగు దారి పొడవునా ప్లాస్టిక్ శంకువులు పెట్టాలి. లారీ వెనక బావమరిది శంకువులు అందిస్తుంటే స్కేలు కింద నిలబడి పేరుస్తున్నాడు. పరుగు మొదలయ్యేలోపు తన వంతు పని చేసి వెళ్ళమని మేస్త్రీ అనుమతి ఇచ్చాడు.

"చివరి మలుపు తర్వాత చూశావా బావా?" అన్నాడు బావమరిది.

చూశాడు. రెండు రోజులుగా అదే చూస్తున్నాడు. ముఖ్య అతిథి వస్తున్నాడని చివరి మలుపు నుంచి ముగింపు తోరణం దాకా కొత్త తారు పోశారు. పాత గీతలన్నీ దాని కింద సమాధి అయిపోయాయి. నున్నగా, నల్లగా, పలక కడిగి పెట్టినట్టుంది రోడ్డు. మిగతా దారంతా నడిమధ్యన తెగిన గీతలున్నాయి, గీతా సందూ, గీతా సందూ. అవి ఒకటొకటిగా కాళ్ళ కిందికి వస్తుంటే కాళ్ళకు ధైర్యం. ఆ చివరి ముక్కలో మాత్రం పట్టుకోవడానికి ఏమీ లేదు. పరుగుకు ముందే అక్కడ గీతలు వేద్దామని మేస్త్రీని బతిమాలాడు. తారులో నూనె ఇంకా ఆరలేదు, రంగు పట్టదు, ఆదివారం మధ్యాహ్నానికిగానీ వెయ్యలేం అన్నాడు మేస్త్రీ. అబద్ధం కాదు. స్కేలే ఆయన స్థానంలో ఉంటే అదే మాట అనేవాడు. అందుకే ఎక్కువ మండింది.

"గీతలు లేకపోతే ఏం? నన్ను మింగేస్తుందా రోడ్డు?" అన్నాడు.

"మింగదులే. నిన్ను మింగితే దానికి అరగదు" అన్నాడు బావమరిది. తర్వాత గొంతు తగ్గించాడు. "మాత్ర ఎప్పుడేసుకున్నావు?"

సరిగ్గా లెక్క చూసుకునే వేసుకున్నాడు. పరుగు మొదలయ్యేసరికి మాత్ర పని చెయ్యడం మొదలెడుతుంది, అయిపోయేదాకా నిలబడుతుంది. అన్నీ లెక్క ప్రకారమే ఉన్నాయి, ముఖ్య అతిథి తప్ప. ఆయన ఆలస్యంగా వచ్చాడు. వచ్చి, ఆలస్యమైనందుకు క్షమాపణ చెబుతూ ఇంకాస్త ఆలస్యం చేశాడు. ఆరోగ్యం మహాభాగ్యమన్నాడు. ఆ మాటను చాలా రకాలుగా అన్నాడు. స్కేలు జనం మధ్యలో బూట్లు బిగించుకుని నిలబడి, లోపల మాత్ర కొవ్వొత్తిలా కరిగిపోతుంటే ఉపన్యాసం విన్నాడు. ఆ మైకు తీగ ఎక్కడుందో తెలిస్తే పళ్ళతో కొరికేసేవాడు.

ఎట్టకేలకు ఈల మోగింది. ఆరంభ గీత ఎదురుగా తెల్లగా ఉంది. దాన్ని దాటడానికి కాలెత్తాడు. తర్వాత ఇంకేమీ ఆలోచించక్కర్లేకపోయింది.

అక్కడినుంచి అతను జబ్బుమనిషి కాదు. కుడిచెయ్యి వణకడం మానేసి డొక్కకు తగులుతూ ఊగింది. తెగిన గీతలు ఎదురొచ్చి కాళ్ళ కింద దూరిపోతున్నాయి. చాలావరకు తను వేసినవే. మందుల దుకాణం ముందు గీత కొంచెం వెడల్పు, ఆ రోజు రంగు పలచబడింది. వంతెన ఎక్కేచోట గీతలో చిన్న మచ్చ, అక్కడ ఒక కుక్క తడిరంగు తొక్కి పారిపోయింది. తన జీవితం మీద తనే పరిగెత్తుతున్నట్టుంది. పక్కన పరిగెత్తుతున్న ఒక కుర్రవాడు అతని అంగీ మీద రోగుల గుర్తు చూసి, మీరు నడవచ్చు సార్, ఫరవాలేదు అని ధైర్యం చెప్పాడు. నడవలేను నాయనా, పరిగెత్తడమే వచ్చు అన్నాడు స్కేలు. కుర్రవాడికి వినపడలేదు. బొటనవేలు పైకెత్తి చూపించి వెనకబడ్డాడు.

చివరి మలుపు తిరిగాడు.

నలుపు. తోరణం కనపడుతోంది. ఎర్రటి అక్షరాలు, కింద జనం, వాళ్ళ అరుపులు. మధ్యలో నల్లటి రోడ్డు. మాత్ర అయిపోయిందని అతనికి ముందు మెడలో తెలిసింది, తర్వాత భుజాల్లో. అడుగులు పొట్టివయ్యాయి. ఇంకా పొట్టివయ్యాయి. ఒక దీపస్తంభం నీడ రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. దాన్ని పట్టుకుని దాటాడు. తర్వాతి స్తంభం నీడ పక్కనున్న చెట్టు నీడలో కలిసిపోయింది. ముందు పరిగెత్తినవాళ్ళెవరో నీళ్ళు తాగి పడేసిన కాగితపు కప్పు ఒకటి కనపడింది. చాలు. దాన్ని దాటితే చాలు, ఊపు వస్తుంది. కప్పు మీద చూపు నిలిపి కాలెత్తబోయాడు. పసుపు చొక్కా వేసుకున్న స్వచ్ఛంద సేవకుడొకడు చకచకా వచ్చి, ఆ కప్పు తీసి సంచిలో వేసుకుని, అతన్ని చూసి నవ్వి వెళ్ళిపోయాడు.

పాదాలు తారుకు అతుక్కున్నాయి.

పక్కనుంచి జనం దాటిపోతున్నారు. కుడిచెయ్యి మళ్ళీ వణకడం మొదలుపెట్టింది. అతను నిదానంగా ఊపిరి తీశాడు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో తెలుసు. ఆగాలి. బరువు ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మార్చుకోవాలి. మనసులో ఒక గీత గీసుకుని దాన్ని దాటాలి. కొంచెం సేపు పడుతుంది, అంతే. అతనికి కావలసింది ఆ కొంచెం సేపు, ముందు కాస్త ఖాళీ.

రెండూ దొరకలేదు. పసుపు చొక్కాలు నలుగురు వచ్చేశారు. ఒకరు నీళ్ళు, ఒకరు గొడుగు. ఒకమ్మాయి అతని మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది. చక్రాల కుర్చీ ఎక్కడినుంచి పుట్టిందో పుట్టింది.

"ముట్టుకోకండి. వదిలెయ్యండి నన్ను" అన్నాడు స్కేలు. తనకు తెలిసినంత గట్టిగా అన్నాడు.

ఆ అమ్మాయి చెవి అతని నోటి దగ్గరికి తెచ్చింది. పెదవులు కదలడం చూసి ఆమె కళ్ళు చెమర్చాయి. "అయ్యో, థాంక్స్ ఎందుకు అంకుల్, ఇది మా డ్యూటీ" అంది.

చంకల కింద చేతులు వేసి ఎత్తారు. కూర్చోబెట్టారు. కుర్చీ కదిలింది. గీత లేని రోడ్డు మీద అది ఎంత హాయిగా దొర్లిందో. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గెలిచినవాడికి కూడా అన్ని చప్పట్లు పడలేదు. తోరణం నెత్తి మీదినుంచి దాటిపోయింది. మెడలో మెడల్ పడింది. డాక్టరమ్మ ఏడుస్తూ నవ్వింది, ఫోటోలవాళ్ళు కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. శంకువుల దగ్గరున్న బావమరిది రోడ్డుకు అడ్డంపడి పరిగెత్తుకొచ్చాడుగానీ, అప్పటికే అంతా అయిపోయింది.

వీధిలో చందాలకు ఒప్పుకున్నవాళ్ళు ఇద్దరు అక్కడే ఉన్నారు. పాపం, ఇంత కష్టపడ్డావు, నువ్వు దాటినా దాటకపోయినా ఇస్తాంలే అన్నారు. స్కేలు మొహం కదలలేదు. సంతోషంతో మాట రావట్లేదనుకున్నారు.

జనం పోయాక అతను కుర్చీలోంచి లేచాడు. మెడల్ తీసి కూర్చున్నచోటే పడేశాడు. జట్టు అంగీ తొడుక్కున్నాడు. పని ఉంది.

మధ్యాహ్నం బావమరిది ఫోను మోగింది. అక్క. అతను స్కేలుకు కాస్త దూరంగా వెళ్ళి మాట్లాడాడు. అయిపోయిందా అని ఆమె అడిగింది కాబోలు.

"ఇంకా లేదక్కా. కొంచెం ఉంది" అన్నాడు బావమరిది.

తోరణాన్ని విప్పి లారీలో వేశారు. బల్లలు, మైకు, జెండాలు పోయాయి. సాయంత్రం దాకా రోడ్డు మూసే ఉంటుంది. అప్పటిలోగా నల్లముక్క మీద గీతలు వెయ్యాలి. మేస్త్రీ టీ పట్టుకుని స్కేలు దగ్గరికి వచ్చాడు. తనకు కాదు, స్కేలుకు. అప్పుడే స్కేలుకు అనుమానం వచ్చింది. ఇన్నేళ్ళలో మేస్త్రీ ఎవరికీ టీ మోసుకొచ్చినవాడు కాదు.

"నువ్వు పరిగెత్తితే పైవాళ్ళు చూసి, వీడికి తేలిక పనెందుకంటారని నేను భయపడ్డాను" అన్నాడు మేస్త్రీ, పక్కకు చూస్తూ. "పరిగెత్తింది ఒక్కడూ చూడలేదయ్యా. కుర్చీ ఫోటో మాత్రం అందరి ఫోన్లలోకీ వెళ్ళింది. కుర్చీలో ఉన్న మనిషిని రోడ్డు మధ్య నిలబెట్టి చేతికి జెండా ఇచ్చారా అని అడిగారు. ఏం చెప్పను?"

"నడిచే వచ్చాను కదా ఇప్పుడు. చెప్పండి."

"ఆఁ?"

స్కేలు టీ గ్లాసు అందుకున్నాడు.

"రేపట్నుంచి వద్దులే" అన్నాడు మేస్త్రీ. "రావలసినవన్నీ దగ్గరుండి ఇప్పిస్తాను. ఈ పూటకు ఆ మలుపు దగ్గర జెండా పట్టుకో. మళ్ళీ నన్ను తిట్టుకోకు." లారీ ఎక్కి అవతలి చివర శంకువులు ఏరించడానికి వెళ్ళిపోయాడు.

స్కేలు పక్కరోడ్డు గీతల మీదుగా మలుపు దగ్గరికి వచ్చి, జెండా పట్టుకుని నిలబడ్డాడు. పొద్దున కాళ్ళు అతుక్కున్నది ఇక్కడికి కాస్త అవతలే. టీ చల్లారిపోయింది. చెయ్యి వణికి సగం ఒలికింది, మిగతా సగం అతను పారబోశాడు. బావమరిది రంగుబండి తోసుకుంటూ వచ్చి, అతని ముందు నిలబెట్టి, తాడైనా పరవకుండా మీట నొక్కాడు.

టక్కున ఒక చిన్న గీత పడింది. ఒక సందు. మళ్ళీ చిన్న గీత. స్కేలు కళ్ళు చిట్లించాడు. అవి ఉండవలసిన పొడవులో లేవు. సందులూ అలాగే ఉన్నాయి. జానెడు గీత, మనిషి అడుగంత సందు.

"ఒరేయ్. అదేం గీతరా?"

బావమరిది తిరిగి చూడలేదు. బండి ముందుకు పోతోంది. టక్, టక్.

"నిన్నే. తాడేదీ? ఎవరు నేర్పారురా నీకు? కోడిపిల్ల నడిచినట్టుంది."

"వినపడట్లేదు బావా. దగ్గరికొచ్చి చెప్పు" అన్నాడు బావమరిది, వీపు ఇటే ఉంచి.

స్కేలుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముందున్న గీతను దాటి ఒక అడుగు వేశాడు. తర్వాతిదాన్ని దాటాడు. "రోడ్డు నీ అబ్బ సొమ్మా? రాత్రి ఎవడైనా బండి నడుపుతూ ఇది చూస్తే ఏమనుకుంటాడు? నేను పాతికేళ్ళు వేశానురా, ఒక్కటి ఇలా వేశానా?"

"బడి ముందు వేశావుగా."

"నోర్ముయ్. అది చెయ్యి వణికి. నీకేం రోగం?"

"ఇంకా వినపడట్లేదు."

టక్, టక్. స్కేలు తడిరంగు తొక్కకుండా, ప్రతి గీతనూ దాటుకుంటూ, జెండాకర్రతో బావమరిది వీపును చూపిస్తూ వెళుతున్నాడు. బావమరిదిని తిట్టాడు, బావమరిదికి పని ఇప్పించిన తన బుద్ధిని తిట్టాడు, అతిథి ఉపన్యాసాన్ని, కాగితపు కప్పును ఏరినవాణ్ణి, నాడి చూసిన అమ్మాయిని, అడగకుండా వచ్చే సాయాన్ని తిట్టాడు. మాట మాటకూ గొంతు పెరిగింది. రోడ్డు అవతల కిటికీలోంచి ఎవరో తొంగిచూశారు.

బండి ఆగింది. బావమరిది మీట వదిలేసి, ఊరికే నిలబడ్డాడు. స్కేలు కూడా ఆగి కిందికి చూశాడు. తారు మీద రెండు పక్కలా తోరణం కాళ్ళకు వేసిన ఇసుక సంచుల ముద్రలున్నాయి. అవి తన వెనక ఉన్నాయి.

 స్కేలు తను నడిచివచ్చిన దారి వైపు చూశాడు. మలుపు నుంచి ఇక్కడిదాకా పొట్టి పొట్టి గీతలు, ఎండలో మెరుస్తూ.

"వంకర లేవు" అన్నాడు చివరికి. "పొడవే తప్పు. ముందు అవన్నీ నల్లరంగుతో కప్పెయ్. మేస్త్రీ చూశాడంటే నీ ఉద్యోగం కూడా ఊడుతుంది. అప్పుడు మీ అక్క ఇద్దరికీ వండలేక నన్ను చంపుతుంది."

అంగీ విప్పి, మడిచి, జెండాతో కలిపి బండి మీద పెట్టాడు. ఎప్పుడూ లేనిది, బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడ కాసేపు వణికింది. తర్వాత పాత గీతలున్న పక్కరోడ్డులోకి తిరిగి ఇంటిదారి పట్టాడు. 

నల్లరంగు డబ్బా మూత తీసి, కుంచె పట్టుకుని బావమరిది మలుపు దగ్గరికి నడిచాడు. అక్కడినుంచి ఒక్కొక్క గీతనే కప్పుకుంటూ వచ్చాడు. చివరి గీత కప్పేసరికి, దాని అవతలే కుర్చీ అడ్డంగా ఉంది. ఎవరి సామాను వాళ్ళు పట్టుకుపోయారుగానీ, చక్రాల కుర్చీ ఎవరిదో ఎవరికీ గుర్తులేదు. పక్కకు తోద్దామని ఒక చేత్తో నెట్టాడు. కదల్లేదు. కూర్చునే గుడ్డ మీద మెడల్ రంగుల నాడాతో సహా ఎండలో పడి ఉంది, చక్రాలకు బ్రేకు వేసే ఉంది.